పండుగ విస్తట్లో చిలగడదుంప పులుసు

వార్షిక సంచిక అనగానే కవితలు, కథానికలు, నిరుద్యోగ సమస్య మీద ఒకటి, విద్యావిధానం మీద ఒకటి వ్యాసాలు – ఇదీ మనకి అలవాటైన సరుకు. వాటి మధ్య వంట గూర్చి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. ‘పాకశాస్త్రం మన సిలబస్‌లో లేదే!’ అనే లెక్చరర్లు కూడా వుండవచ్చు. నిజమే, లేదు. కాని ఒక గిన్నెడు పులుసు సరిగ్గా పెట్టాలంటే వృక్షశాస్త్రం కొంత, రసాయనశాస్త్రం కొంత, చరిత్ర కొంత, లోకజ్ఞానం చాలా కావాలి. ఇవన్నీ సర్టిఫికెట్టు లేకుండానే నేర్చుకున్నవాళ్ళు మన ఇళ్ళలోనే వున్నారు. వాళ్ళని మనం ఏనాడూ ‘ఇది ఎందుకిలా చేస్తావు?’ అని అడిగిన పాపాన పోలేదు.

సంక్రాంతి సెలవులకి హాస్టల్ ఖాళీ అవుతుంది. పెట్టె సర్దుకుని బస్సెక్కినవాడి మనసులో అరిసెలు, బొబ్బట్లు, గారెలు మెదులుతాయి గాని, పులుసు మెదలదు. అది పక్కన వుండే పదార్థం. విస్తట్లో దాని చోటు ముద్దపప్పు పక్కన. అయినా పండుగ భోజనంలో ఆ పులుసు లేకపోతే పప్పు చప్పబడిపోతుంది, నేతి వంటకాలు వెగటు పుట్టిస్తాయి. తీపికీ నూనెకీ మధ్య నాలుకని మళ్ళీ మేలుకొలిపేది అదే. కోస్తా జిల్లాల్లో దీన్ని ముక్కల పులుసు అంటారు, దప్పళం అంటారు. కలగూర పులుసు అనే ఇళ్ళు కూడా వున్నాయి. అందులో గుమ్మడి ముక్కలతో సమానంగా మర్యాద పొందేది చిలగడదుంప. ఈ వ్యాసం దాని గూర్చే.

ఒక దుంప, అయిదు పేర్లు

హాస్టల్లో మూడు ప్రాంతాలవాళ్ళు ఒక గదిలో చేరితే ముందుగా తేలని తగువు ఈ దుంప పేరు. కోస్తావాళ్ళు చిలగడదుంప అంటారు. రాయలసీమవాళ్ళు గెనుసుగడ్డ అంటారు. కన్నడంలో గెణసు కాబట్టి సరిహద్దు భాషల బంధుత్వం ఇందులో తెలుస్తూనే వుంది. తెలంగాణాలో కందగడ్డ. అక్కడే కొన్ని వైపుల మోరంగడ్డ, మరికొన్ని వైపుల రత్నపురిగడ్డ.

ఇందులో ఒక చిక్కుంది. కోస్తాలో ‘కంద’ అంటే వేరే దుంప. అది ఏనుగు పాదంలా గుండ్రంగా, గరుకుగా వుండి, సరిగ్గా వండకపోతే గొంతు దురద పెట్టే జాతి. కంద బచ్చలి కూర చేసేది దానితోనే. తెలంగాణా మిత్రుడు బజారుకి వెళ్ళి కందగడ్డ తెస్తానంటే కోస్తా మిత్రుడు గొంతు పట్టుకోవడం ఇందుకే. ఇద్దరూ ఒప్పే. శివరాత్రి ఉపవాసానికి తెలంగాణా ఇళ్ళలో ఉడకబెట్టే కందగడ్డ తియ్యటి చిలగడదుంపే గాని, దురద కంద కాదు.

వృక్షశాస్త్రజ్ఞులు ఈ తగువు లేకుండా దీన్ని ఐపోమియా బటాటాస్ అన్నారు. మన చెరువు గట్ల మీద అల్లుకునే తూటికూర తీగకి ఇది దగ్గరి చుట్టం. పూవు గరాటులా వుండడం చూస్తే ఆ చుట్టరికం ఎవరికైనా తెలుస్తుంది. బంగాళాదుంపకి మాత్రం ఇది ఏమీ కాదు. బంగాళాదుంప వంకాయ, టమాటా, మిరప కుటుంబానిది. అది భూమిలో వుబ్బిన కాండం. చిలగడదుంప వుబ్బిన వేరు. పేరు మాత్రం ఒకదాన్నుంచి ఒకటి అప్పు తీసుకున్నాయి. కరీబియన్ దీవుల ప్రజలు చిలగడదుంపని బటాటా అనేవారు. ఆ మాటే మారి ఇంగ్లీషులో పొటాటో అయింది. మరాఠీవాళ్ళు ఇప్పటికీ బంగాళాదుంపని బటాటా అంటారు.

మన ‘ప్రాచీన’ పులుసు కథ

పండుగ పులుసు తాతముత్తాతల నాటిదని మనం నమ్ముతాం. నమ్మకంలో తప్పులేదు, కాని ఎంత నాటిదో చూద్దాం. చిలగడదుంప పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతాలు. 1492లో కొలంబస్ నౌకలు ఆ వైపు చేరాకే అది యూరపుకీ, ఆ తరవాత సముద్ర వ్యాపారుల చేతుల మీదుగా మన దేశానికీ వచ్చింది. మన పులుసులో పడే తియ్యగుమ్మడి కూడా అమెరికా ఖండాలదే. పచ్చిమిర్చీ, ఎండుమిర్చీ కూడా అక్కడివే. చింతచెట్టు మూలం ఆఫ్రికా. అయితే అది ఎంతో ముందుగా వచ్చి మనదైపోయింది. ఇక వంకాయ, ములక్కాడ, మిరియం ఈ నేల బిడ్డలు.

అంటే మన దప్పళం గిన్నెలో మూడు ఖండాలు కలిసి ఉడుకుతున్నాయన్నమాట! సంప్రదాయమంటే కదలకుండా వుండిపోయినది కాదు. కొత్తగా వచ్చినదాన్ని తన పద్ధతిలో వండుకోగలగడం కూడా సంప్రదాయమే. ఏ పుస్తకమూ చెప్పకుండానే మన అవ్వలు ఈ పరాయి దుంపని పులుపులో వేసి బెల్లంతో సర్ది ఇంటిదాన్ని చేసేశారు.

ఈ దుంప ప్రయాణాల్లో వింతలు ఇంకా వున్నాయి. యూరపు ఓడలు రాకముందే పసిఫిక్ దీవులవాళ్ళు దీన్ని పండించారు. న్యూజిలాండు మావోరీలు దీన్ని కూమరా అంటారు. 2015లో శాస్త్రజ్ఞులు మరో సంగతి బయటపెట్టారు. మనం పండించే చిలగడదుంపల జన్యువుల్లో ఆగ్రోబాక్టీరియం అనే మట్టి సూక్ష్మజీవి జన్యుభాగాలు వున్నాయట. అంటే ప్రయోగశాలలు పుట్టకముందే ప్రకృతి తనంతట తాను చేసిన జన్యుమార్పిడి పంట ఇది. బోటనీ మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే వైవాలో పనికొస్తుంది.

తీపి దుంపలో వుందా, పొయ్యి మీద వుందా?

పచ్చి చిలగడదుంప ముక్క కొరికి చూడండి. తియ్యగా వుంటుంది గాని, ఉడికినంత తియ్యగా వుండదు. మరి ఉడికాక ఆ తీపి ఎక్కణ్ణుంచి వచ్చింది? మనం పంచదార వేయలేదు కదా.

దుంప నిండా పిండిపదార్థం వుంటుంది. దాంతో బాటే బీటా అమైలేజ్ అనే ఎంజైము కూడా సమృద్ధిగా వుంటుంది. దుంప చల్లగా వున్నంతసేపు పిండిపదార్థం గట్టి రేణువుల్లో మూసుకుని వుంటుంది; ఎంజైముకి లోపలికి దారి దొరకదు. సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటేసరికి రేణువులు నీళ్ళు పీల్చి వుబ్బి విచ్చుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఎంజైము పనిలోకి దిగి పిండిని మాల్టోజు అనే చక్కెరగా కోస్తుంది. వేడి 80 డిగ్రీల వైపు పోయేసరికి ఆ ఎంజైమే చెడిపోతుంది. అంటే తీపి పుట్టడానికి వున్న అవకాశం ఈ రెండు హద్దుల మధ్యే. దుంప ఆ మధ్యలో ఎంతసేపు గడిపితే అంత తియ్యబడుతుంది.

ఇప్పుడు అర్థమవుతుంది, కుంపటి నివురులో కాల్చిన దుంప ఎందుకంత మధురంగా వుంటుందో! అది నిదానంగా వేడెక్కుతుంది. ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ కొట్టించినది చప్పగా వుండడానికీ ఇదే కారణం. కుక్కరు ఆ హద్దుల్ని రెండంగల్లో దాటేస్తుంది. మైక్రోవేవ్ ఇంకా తొందరపడుతుంది.

పాతకాలం ఇళ్ళలో పులుసు రాచ్చిప్పలో పెట్టేవారు. రాయి మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. ‘రాచ్చిప్ప పులుసు రుచే వేరు’ అని పెద్దవాళ్ళు అంటే అది వట్టి జ్ఞాపకాల మీద మమకారం అనుకుంటాం. కాదు, అందులో రసాయనశాస్త్రం కూడా వుంది. రాచ్చిప్ప లేకపోయినా ఫరవాలేదు. అడుగు మందంగా వున్న స్టీలు గిన్నె, చన్నీళ్ళు, సన్నటి సెగ – ఈ మూడూ వుంటే అదే పని జరుగుతుంది.

నిదానపు వేడి వల్ల మరో లాభం కూడా వుంది. ముక్కకి బిగువునిచ్చేది పెక్టిన్ అనే పదార్థం. 60–70 డిగ్రీల దగ్గర కాసేపు వుంచితే దుంపలోని మరో ఎంజైము ఆ పెక్టిన్‌ని గట్టిపడే తీరులోకి మారుస్తుంది. దానివల్ల తరవాత పులుసు తెర్లినా ముక్క చితికిపోకుండా నిలబడుతుంది. తియ్యదనమూ నిలకడా రెండూ ఒకే ఓర్పు వల్ల వస్తున్నాయన్నమాట.

పులుపు ఎప్పుడు పడాలి?

వంటింట్లో తరచు వినబడే మాట ఒకటుంది. ‘ముక్క ఉడక్కుండా పులుపు వెయ్యకురా, రాయైపోతుంది.’ మనం సరే అంటాం గాని, ఎందుకని అడగం.

కారణం ఇది. కూరగాయ మెత్తబడడమంటే దాని గోడల్లోని పెక్టిన్ విడిపోయి నీళ్ళలో కరగడం. మామూలు నీళ్ళలో మరిగితే ఆ పని చురుగ్గా సాగుతుంది. ఆమ్లం కలిస్తే బాగా మందగిస్తుంది. చింతపండులో వున్నది టార్టారిక్ ఆమ్లం, అదీ దండిగా. సగం ఉడికిన ముక్కల మీద చింతపండు రసం పోస్తే అవి అక్కడే ఆగిపోతాయి. ఆ తరవాత అరగంట మరిగించినా నడిమధ్య పలుగ్గానే వుంటుంది. పైగా పులుసు ఇంకిపోయి పులుపెక్కుతుంది. ఆ పులుపు తగ్గించాలని బెల్లం దిట్టంగా వేస్తారు. బెల్లం ఎక్కువైందని ఉప్పు వేస్తారు, ఉప్పు ఎక్కువైందని నీళ్ళు పోస్తారు. చివరికి మిగిలేది పెద్ద గిన్నెడు పశ్చాత్తాపం.

తిరగేసి చూస్తే ఇదే ఆమ్లం మన మిత్రుడు కూడాను. ముక్క పూర్తిగా ఉడికాక పులుపు పడితే అది అక్కణ్ణుంచి ముదిరి ముద్దయిపోకుండా కాపాడుతుంది. అందుకే మర్నాడు వేడిచేసినా దప్పళంలో ముక్క ముక్కగానే వుంటుంది.

ఈ పులుసు రహస్యమంతా మూడు మాటల్లో చెప్పవచ్చు: ముందు సెగ, తరవాత పులుపు, ఆఖర్న బెల్లం. ఈ వరస తప్పకపోతే కొలతలు కొంచెం అటూ ఇటూ అయినా పులుసు కుదురుతుంది. వరస తప్పితే గ్రాములు తూచి వేసినా కుదరదు.

దుంప ఎంచుకోవడం

మరీ లావువి పీచు కడతాయి. అరచేతిలో ఇమిడేంత, రెండు కొనలూ సన్నబడిన దుంపలు మేలు. తొక్క మీద నల్లటి సన్న రంధ్రాలు వుంటే లోపల ముక్కుపురుగు చేరిందని గుర్తు. పురుగు కొట్టిన దుంప చేదెక్కి వెగటు వాసన వేస్తుంది. ఎంత ఉడికించినా ఆ చేదు పోదు. గిన్నె మొత్తానికి పట్టిస్తుంది. పైగా అది ఆరోగ్యానికి కూడా మంచిది కాదు. అటువంటిది మొహమాటపడకుండా పారెయ్యాలి. మొలకలు వచ్చిన దుంపకి మాత్రం భయపడనక్కర్లేదు. పచ్చబడి మొలకెత్తిన బంగాళాదుంపలో వుండే విషం ఇందులో వుండదు. మొలక గిల్లేసి వండుకోవచ్చు.

అప్పుడే తవ్విన దుంప కంటె పది రోజులు నిలవున్న దుంప తియ్యగా వుంటుంది. నిలవలో కూడా పిండి కొంత చక్కెరగా మారుతూ వుంటుంది. అయితే ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. ఇది ఉష్ణమండలపు పంట. చలి తగిలితే లోపల గట్టి కణుపులా బిగుసుకుపోయి, ఎంత ఉడికించినా మెత్తబడదు. గాలి తగిలే బుట్టలో, నీడన వుంటే చాలు.

మన బజార్లలో ఎర్రతొక్క, తెల్లకండ దుంప ఎక్కువ. నారింజ రంగు కండ గలవి కూడా వస్తున్నాయి. తిరువనంతపురం శివార్లలోని శ్రీకార్యంలో 1963 నుండి పనిచేస్తున్న కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ ‘శ్రీ కనక’, ‘భూ సోనా’ వంటి నారింజ రకాలు తయారుచేసింది. వాటిలో బీటా కెరోటిన్ అధికం. మన శరీరం దాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. ఆఫ్రికా దేశాల్లో పిల్లలకి ఇటువంటి దుంపల ద్వారా విటమిన్ ఎ అందించే కృషికి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. పులుసులోకి నారింజ దుంప వాడితే ముక్కలు పెద్దవిగా తరగాలి. దానిలో తేమ ఎక్కువ, త్వరగా మెత్తబడుతుంది.

చేసే విధానం – ఎనిమిది మందికి

కావలసినవి: చిలగడదుంపలు అరకిలో, తియ్యగుమ్మడి పావుకిలో, ఆనపకాయ పావుకిలో (సీమవాళ్ళకీ తెలంగాణావాళ్ళకీ సొరకాయ), ములక్కాడలు 2, లేత వంకాయలు 3, పచ్చిమిర్చి 5, చింతపండు 50 గ్రాములు, బెల్లం 30 గ్రాములు, బియ్యప్పిండి ఒకటిన్నర టేబుల్‌స్పూను, పసుపు అర చెంచా, కారం ఒక చెంచా, ఉప్పు తగినంత, కొత్తిమీర ఒక చిన్న కట్ట. పోపుకి నూనె రెండు టేబుల్‌స్పూన్లు, ఆవాలు ఒక చెంచా, మెంతులు పావు చెంచా, ఎండుమిర్చి 3, ఇంగువ చిటికెడు, కరివేపాకు రెండు రెబ్బలు. అలవాటున్న ఇళ్ళలో చిన్న ఉల్లిపాయలు కూడా వేస్తారు.

1. చింతపండుని గోరువెచ్చని నీళ్ళలో అరగంట నాననిచ్చి, చిక్కటి రసం రెండు గ్లాసులు తీసి పక్కన పెట్టుకోవాలి. ఇది గిన్నెలోకి ఇప్పుడే వెళ్ళదు.

2. దుంపలు మట్టిలేకుండా కడిగి, తొక్క తీసి, అంగుళం మందాన చక్రాల్లా తరిగి, వెంటనే నీళ్ళలో వెయ్యాలి. గాలి తగిలితే కోసిన చోట నల్లబడతాయి.

3. మందపాటి గిన్నెలో లీటరు చన్నీళ్ళు, పసుపు, దుంప చక్రాలు వేసి, సన్నటి సెగ మీద మూత పెట్టాలి. నీళ్ళు మరగడానికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టకూడదు. తొందర వద్దు. తీపి పుట్టేది ఇక్కడే.

4. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ములక్కాడలు, ఆనపకాయ ముక్కలు వెయ్యాలి. అయిదు నిమిషాల తరవాత తొక్కతోనే తరిగిన గుమ్మడి ముక్కలు, నాలుగు పక్షాలుగా చేసిన వంకాయలు, చీల్చిన పచ్చిమిర్చి వెయ్యాలి. సెగ మధ్యరకంగా పెంచి పది పన్నెండు నిమిషాలు ఉడకనివ్వాలి.

5. ఇప్పుడు పరీక్ష. దుంప చక్రాన్ని గరిటె అంచుతో నొక్కితే శుభ్రంగా రెండవ్వాలి, ముద్దవకూడదు. లోపల సున్నంలా తెల్లటి చుక్క కనబడితే ఇంకా ఉడకాలి. ఈ పరీక్ష నెగ్గాకే తరవాతి మెట్టు.

6. చింతపండు రసం, ఉప్పు, కారం వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. చింతపండు పచ్చివాసన పోయిందో లేదో ముక్కే చెబుతుంది.

7. బెల్లం సగం వేసి రుచి చూడాలి. దుంప, గుమ్మడి తమ తీపి ఇప్పటికే ఇచ్చివుంటాయి. మిగతా సగం అవసరమైతేనే. పులుపు ముందు తగిలి, తీపి వెనక వినబడాలి. తీపి ముందుకు వచ్చిందంటే అది పులుసు కాదు, పానకం.

8. బియ్యప్పిండిని అర గ్లాసు చన్నీళ్ళలో వుండలు లేకుండా కలిపి పోస్తూ తిప్పాలి. అయిదు నిమిషాల్లో పులుసు చిక్కబడుతుంది. గరిటె అంటేటట్టు తిప్పవద్దు. గిన్నె అంచుల వెంబడి మెల్లగా కలియదిప్పితే ముక్కలు నిలుస్తాయి. కొందరు బియ్యప్పిండి బదులు శనగపిండి వాడతారు, అదీ బాగుంటుంది.

9. నూనె కాగాక మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వరసగా వేసి, పోపు పులుసులో తిరగబోసి వెంటనే మూత పెట్టాలి. కొత్తిమీర చల్లి అరగంట కదపకుండా వదిలెయ్యాలి. ఆ అరగంటలో ఉప్పు, పులుపు ముక్కలోపలికి దిగుతాయి.

వేడన్నం, ముద్దపప్పు, కరిగిన నెయ్యి, పక్కన ఈ పులుసు. వడియాలు వుంటే ఇక అడిగేదేముంది! రెండు మాటలు జాగ్రత్త చెప్పాలి. పులుసుని అల్యూమినియం గిన్నెలోనూ, కళాయి లేని ఇత్తడి గిన్నెలోనూ పెట్టవద్దు. పులుపు లోహాన్ని తింటుంది. ఇక ఇంట్లో చక్కెర వ్యాధి వున్న పెద్దలుంటే బెల్లం పూర్తిగా మానేసి దుంప తీపితోనే సరిపెట్టవచ్చు. దుంప కూడా పిండిపదార్థమే, వంద గ్రాములకి సుమారు 20 గ్రాములు. కాబట్టి వాళ్ళ విస్తట్లో చక్రాలు ఒకటి రెండుకు మించకుండా, ఆనపకాయ, ములక్కాడ ముక్కలు ఎక్కువగా వడ్డించడం మంచిది.

అమెరికాలో ఇదే దుంప

మన పూర్వ విద్యార్థుల్లో అమెరికాలో స్థిరపడినవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళకి ఈ దుంప మరో పండుగలో ఎదురవుతుంది. నవంబరు నెల నాలుగో గురువారం అక్కడ థాంక్స్‌గివింగ్. 1941లో చట్టం చేసి ఆ రోజు ఖాయం చేశారు. కుటుంబమంతా ఒకచోట చేరే పండుగ అది, మన సంక్రాంతి లాగే. పెద్ద టర్కీ కోడి పక్కన తప్పనిసరిగా కనబడేది చిలగడదుంప క్యాసరోల్. దుంప ఉడికించి మెదిపి, వెన్న, చక్కెర కలిపి, పైన మార్ష్‌మెల్లోలు పరచి ఓవెన్‌లో ఎర్రగా కాలుస్తారు. మార్ష్‌మెల్లోలు పరిచే ఈ పద్ధతి 1917లో ఒక మార్ష్‌మెల్లో కంపెనీ కోసం అచ్చువేసిన వంటల పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ అమ్మమ్మల నాటిదిగా చెలామణి అవుతున్న వంటకం వెనక ఒక వ్యాపార ప్రకటన వుందన్నమాట!

పేరు తగువు అక్కడా వుంది. నారింజ రకాన్ని 1930ల్లో లూసియానా రైతులు ‘యామ్’ అనే పేరుతో అమ్మారు. అసలు యామ్ అంటే మన పెండలం జాతి దుంప. కంద అనుకున్నది కందగడ్డ అయినట్టే, అక్కడ యామ్ అనుకున్నది చిలగడదుంప అయింది.

వాళ్ళు తియ్యటి దుంప మీద మరింత తీపి పోశారు. మనవాళ్ళు తీపికి పులుపుని ఎదురు నిలబెట్టారు. ఏది గొప్పదన్న పేచీ అనవసరం. కాని ఆ దేశంలో సంక్రాంతి చేసుకునే మిత్రులకి ఒక సలహా. అక్కడి నారింజ దుంప పులుసులో కరిగిపోతే నిరుత్సాహపడవద్దు. ఎర్రతొక్క, తెల్లకండ గల జపాను రకం దొరికితే తెచ్చుకోండి. మన దుంపలాగే నిలబడుతుంది.

ఇంతకీ పులుసు ఎవరు పెట్టాలి?

ఇప్పుడు అసలు మాట. పండుగనాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలంటి, పొయ్యి వెలిగించే మనిషి మన ఇంట్లో ఎవరో మనందరికీ తెలుసు. బొబ్బట్లు ఒత్తేదీ, పులిహోర కలిపేదీ, గారెలు వేసేదీ ఆమే. అందరికీ వడ్డించి, ఎవరికేం కావాలో అడిగి, చివరకి మూడింటికి చల్లారిన అన్నం ముందు కూర్చునేదీ ఆమే. ఆ వేళకి పులుసు గిన్నెలో అడుగున రసమే తప్ప ముక్క వుండదు. ‘అమ్మ చేతి వంట’ అని మనం కవితలు రాస్తాం. ఆ చేతికి ఒక గంట విశ్రాంతి ఇద్దామని మాత్రం మనకి తోచదు.

స్త్రీ పురుష సమానత్వం మీద మన కాలేజీల్లో వక్తృత్వపు పోటీలు జరుగుతాయి, బహుమతులు కూడా ఇస్తారు. బహుమతి తెచ్చుకున్నవాడు సెలవులకి ఇంటికెళ్ళి ‘పులుసులో ముక్కలు అయిపోయాయా?’ అని కేకేస్తే ఆ ఉపన్యాసం విలువెంత? పండుగ వంటంతా మీద వేసుకొమ్మని ఎవరూ అనడం లేదు. ఒక్క గిన్నె. ఈ పులుసుకి బొబ్బట్ల మాదిరి చేతివాటం అక్కర్లేదు, అరిసెల మాదిరి పాకం పట్టు అక్కర్లేదు. కావలసింది వరస, ఓర్పు. కూరలు ముందురోజు రాత్రి తరిగిపెట్టుకోవచ్చు. దుంప మాత్రం పొద్దున్నే తరగాలి. ఎనిమిదింటికి పొయ్యి మీద పెడితే తొమ్మిదిన్నరకి దించవచ్చు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి చేస్తే ఇంకా తేలిక. కెమిస్ట్రీ లాబ్‌లో టైట్రేషన్ చెయ్యగలిగినవాడికి చింతపండు రసం ఎప్పుడు పోయాలో తెలియదంటే ఎవరూ నమ్మరు.

మరొక పని కూడా వుంది. మన ఇళ్ళలో వంటకి కొలతలు కాగితం మీద లేవు. ‘చారెడు’, ‘గుప్పెడు’, ‘నిమ్మకాయంత’, ‘చూసుకుని’ – ఇవీ కొలతలు. ఈ చూపు అమ్మకి వాళ్ళమ్మ దగ్గర నుండి వచ్చింది. మనకి రాకపోతే అక్కడితో ఆగిపోతుంది. ఒక్కొక్క వూళ్ళో, ఒక్కొక్క ఇంట్లో ఈ పులుసు తీరు వేరు. ఒకరు నువ్వుల పొడి వేస్తారు, ఒకరు బెండకాయ వేస్తారు, ఒకరు బెల్లమే వెయ్యరు. ఈ తేడాలు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. కాబట్టి ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో, అమ్మమ్మనో, నాయనమ్మనో పొయ్యి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆమె చెబుతుంటే మీరు చెయ్యండి. ఆమె ‘చారెడు’ అన్నప్పుడల్లా ఆ చారెడుని తూచి రాసుకోండి. ‘ఎందుకు?’ అని అడగండి. ఆమె చెప్పే కారణంలో పెక్టిన్ అనే పేరు వుండకపోవచ్చు, టార్టారిక్ ఆమ్లం అనే పేరు వుండకపోవచ్చు. విషయం మాత్రం వుంటుంది.

వండడం పూర్తయ్యాక మరొక్క పని మిగులుతుంది. ముందు ఆమెకి విస్తరి వెయ్యండి. ముద్దపప్పు పక్కన, గిన్నె పైపైన తేలుతున్న మంచి దుంప చక్రాలు రెండు చూసి వడ్డించండి. ముక్క సరిగ్గా ఉడికిందో లేదో అప్పుడామె చెబుతుంది. ఆ పరీక్షలో పాసైతే చాలు.